వెడల్పు పెళ్లి, డబ్బా టీవీ

2023 వేసవి. నారాయణఖేడ్‌లో బస్ డిపో నుంచి మార్కెట్‌కు పోయే దారిలో మా మేనమామ నాగనాథ్ పెట్టిన ఫొటో స్టూడియోను అప్పటికే కొన్నేళ్లుగా నేను నడుపుతున్నాను. నడుపుతున్నాను అనడం కొంచెం గొప్ప. ఊళ్లో ప్రతి జేబులోనూ ఒక కెమెరా ఉన్నాక స్టూడియోను ఎవరూ నడపరు, పక్కన కూర్చుని దానికి తోడుంటారు. పాస్‌పోర్టు ఫొటోలు, లామినేషన్లు పోగా మాకు మిగిలిన అసలు పని ఒకటే: పాత వీడియో క్యాసెట్లను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించడం.

కంగ్టి నుంచో సిర్గాపూర్ నుంచో ఒకాయన సంచిలో క్యాసెట్ తెస్తాడు. అటక మీద ఎలుకలతో కాపురం చేసి వచ్చిన క్యాసెట్. దాని బూజు తుడిచి, వీసీఆర్‌లో పెట్టి, ల్యాప్‌టాప్‌కు కలిపితే ఆయన పెళ్లి మళ్లీ కనపడుతుంది. అలాంటప్పుడు కళ్లు చెమర్చే ఘట్టం ఏదో ఉంటుందని కొత్తలో నేనూ ఎదురుచూశాను. చాలామంది అనేది ఒకటే మాట: "అరే, గప్పుడు నాకు గింత జుట్టుండెనా!"

ఒక మధ్యాహ్నం ఈ పనంతా ఉల్టా చేయమనే గిరాకీ వచ్చింది.

వచ్చింది ఇద్దరు. ఒకరు మార్కెట్లో బట్టల దుకాణం బస్వరాజ్ సేఠ్. రెండోవారు ఆయన అక్క శరణమ్మ. సేఠ్ గుమ్మంలోనే ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ ఆగిపోయాడు. శరణమ్మ నేరుగా వచ్చి కొంగు ముడి విప్పి, పెన్ డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టింది.

"దీన్ని క్యాసెట్ల ఎక్కియ్యాలె."

"పెద్దమ్మా, మేం క్యాసెట్ల నుంచి దీంట్లకు ఎక్కిస్తం. దీంట్ల నుంచి క్యాసెట్లకు కాదు."

"ఎందుకు కాదు? పోయిన తొవ్వల్నే వాపస్ రారాదా?"

డిగ్రీలో లాజిక్ పేపర్ ఉండుంటే నేను అక్కడే తప్పేవాణ్ని. "మీ హాల్ల పెద్ద టీవీ ఉన్నది కద, దానికి గీ పెన్ డ్రైవ్ పెడితే వస్తది" అన్నాను.

"అది అందరిది. దాని రిమోట్ నా చేతికి వచ్చేసరికి దీపం పెట్టే యాళ్ల అయితది. నా అర్రల నా టీవీ ఉన్నది, నా వీసీఆర్ ఉన్నది. అవి నా మాట ఇంటయి."

తర్వాత ఒకసారి గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "ఇంట్ల అందరి పెండ్లిళ్ల క్యాసెట్లున్నయి సంగమేశా. ఒక్కదాంట్ల గూడ నేను లేను. దీంట్ల ఉన్న. అశ్విని ఫోన్ల సూపెట్టింది, ఇంత గోరంత. నా టీవీల నన్ను నేను సూస్కోవాలె. గంతే."

అశ్విని అంటే సేఠ్ కూతురు. ఆ వేసవిలోనే పెళ్లయింది. శరణమ్మ చిన్న వయసులోనే భర్త పోయి తమ్ముడి ఇంటికి వచ్చేసింది. అశ్వినికి జడలు వేసింది, జ్వరమొస్తే దవాఖానకు ఎత్తుకుపోయింది, పదో తరగతి దాకా టిఫిన్ కట్టింది ఈమే. అయినా ముహూర్తం వేళకు వితంతువు ముందుకు రాకూడదు. ఎవరూ ప్రత్యేకంగా చెప్పరు. స్టేజీ మెట్ల దగ్గర ఒక చోటు ఉంటుంది, అలాంటి వాళ్లు అక్కడికే వెళ్లి నిలబడతారు. శరణమ్మ ప్రతి పెళ్లిలోనూ అక్కడే నిలబడింది.

పెన్ డ్రైవ్ పెట్టి చూశాను. హైదరాబాద్ నుంచి వచ్చిన టీమ్ తీసిన వీడియో. వెడల్పు స్క్రీన్, అంటే ఇప్పుడు మీ ఫోన్ అడ్డంగా తిప్పితే ఉండే ఆకారం. ముహూర్తం షాట్‌లో పెళ్లికూతురు మధ్యలో, పెళ్లికొడుకు బాగా కుడికి, వెనక బంధువులంతా, ఎడమవైపు చిట్టచివర, మెట్ల దగ్గరి పూల స్టాండుకు ఆనుకుని బూడిద రంగు చీరలో శరణమ్మ. చేయెత్తి అక్షింతలు వేస్తుంది. ఒక దమ్ము పీల్చి వదిలేంత సేపు ఉండి, కెమెరా తిరిగిపోతుంది.

లోపలి గదిలో పడుకున్న మామ లేచి వచ్చి చూశాడు. ఆ ఇంటి పాత క్యాసెట్లన్నీ తీసింది ఆయనే.

"మరి నీ క్యాసెట్లల్ల పెద్దమ్మ ఎందుకు లేదు మామా? సేఠ్ వద్దన్నడా?" అని తర్వాత అడిగాను.

"ఎవ్వలు అనలే. గప్పటి కెమెరా చదరం ఉండె. జర పక్కకు నిలబడ్డోళ్లు ఆటోమేటిగ్గ పోతుండిరి. ఎవ్వలకు పరేషాన్ లేకుండె."

మనుషులు చేయాల్సిన పాపాన్ని లెన్సే చేసిపెట్టేది కాబట్టి అందరి చేతులూ శుభ్రంగా ఉండేవి.

సరే, పని. మొదటి చిక్కు: ఖాళీ క్యాసెట్ లేదు. ఖేడ్‌లో ఖాళీ వీడియో క్యాసెట్ అడిగితే అడిగినవాడికి ఎండ దెబ్బ తగిలిందనుకుంటారు. పాతదాని మీదే మళ్లీ రికార్డు చేయాలి. అంటే ఇంట్లో ఏదో ఒకటి చెరిపేయాలి. మరునాడు శరణమ్మ తమ్ముణ్ని వెంటబెట్టుకుని ఒక క్యాసెట్ తెచ్చింది. లేబుల్ మీద "బట్టల దుకాణం ఓపెనింగ్, భాగం 1" అని ఉంది.

సేఠ్ మొహం చూడాల్సింది. "అక్కా, గిదే దొరికిందా?"

"రెండో భాగం ఉన్నది కద. నీ ఉపన్యాసం అండ్లనే ఉన్నది. గీ మొదటి భాగంల రిబ్బన్ కట్ చేస్తరు, కొబ్బరికాయ కొడతరు, అది సరిగ పల్గదు. దాన్ని దాచి ఏం జేస్తవ్?"

సేఠ్ క్యాసెట్‌ను నా ముందుకు జరిపాడు.

క్యాసెట్ వెనక అంచులో చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, ట్యాబ్ అంటారు. దాన్ని విరిచేస్తే వీసీఆర్ ఆ క్యాసెట్ మీద రికార్డు చేయదు. ముఖ్యమైనవి పొరపాటున చెరిగిపోకూడదని విరిచేవారు. సేఠ్ తన దుకాణం ఓపెనింగ్ రెండు భాగాలకూ ఎప్పుడో ట్యాబ్ విరిచి భద్రపరిచాడు. ఆ గుంతను సెల్లో టేపుతో మూస్తే వీసీఆర్ మళ్లీ ఒప్పుకుంటుంది. అన్నేళ్ల భద్రత, గోరంత టేపు ముక్క. నేను అంటిస్తుంటే సేఠ్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

రెండో చిక్కు అసలైనది. ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ అనే రంధ్రం నుంచి బొమ్మ బయటికి వస్తుంది. వీసీఆర్‌కు ఆ భాష రాదు. మధ్యలో కన్వర్టర్ అని అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద డబ్బా పెట్టాలి. అది పసుపు, తెలుపు, ఎరుపు వైర్లలోకి బొమ్మనూ శబ్దాన్నీ విడదీసి వీసీఆర్‌కు ఇస్తుంది. ల్యాప్‌టాప్‌లో ప్లే నొక్కి, వీసీఆర్‌లో రికార్డు నొక్కి, పెళ్లి ఎంతసేపు నడిస్తే అంతసేపు కూర్చోవాలి. క్యాసెట్‌లో కాపీ-పేస్ట్ లేదు. నాకు సంబంధం లేని పెళ్లికి అన్నిసార్లు హాజరైంది నేనొక్కణ్నే అయ్యుంటాను. ఒక్కసారి కూడా భోజనం పెట్టలేదు.

ఇక ఆకారం. పెళ్లి వెడల్పు, శరణమ్మ టీవీ చదరం. బస్సు ముందు అద్దంలో పట్టే దృశ్యాన్ని ఆటో కిటికీలో ఇరికించాలి. దారులు మూడే. ఒకటి, పక్కల నుంచి నొక్కేయడం. రెండు, అంచులు కోసేయడం, దాన్ని క్రాప్ అంటారు. మూడు, బొమ్మను చిన్నది చేసి పైనా కిందా నల్ల పట్టీలు వదిలేయడం, దాన్ని లెటర్‌బాక్స్ అంటారు.

ముందు నొక్కి చూపించాను. సేఠ్ ముందుకు వంగాడు.

"అరె, అల్లుడు గింత సన్నగున్నడా?"

"లేడు సేఠ్. మెషిన్ నొక్కింది."

"మంచిగనే ఉన్నడు." ఇంకాస్త చూశాడు. "కని మా పిల్ల వెదురుబొంగు లెక్క అయింది. వద్దు."

లెటర్‌బాక్స్ చూపించాను. పక్కల ఏమీ పోలేదు, శరణమ్మ నిలువునా ఉంది. నా పని అయిపోయిందనుకున్నాను.

"పెండ్లి వీడియోల నలుపేంది?" అన్నాడు సేఠ్. "మీద నలుపు, కింద నలుపు. నడుమ నా బిడ్డ పెండ్లి! వద్దు."

ఆయన పట్టుదల తెలిసిన మార్కెట్ వాళ్లెవరూ దీనికి ఆశ్చర్యపోరు. పెళ్లి బట్టలు కొన్నవాళ్లకు ఆ దుకాణంలో నల్ల సంచీ కూడా ఇవ్వరు. నలుపు ఉత్త రంగే అని చెప్పబోయాను కానీ, ముప్పై రకాల ఎరుపు పేర్లు చెప్పి చీరలమ్మే మనిషికి రంగుల గురించి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"టీవీ నిండ రావాలె. కొయ్యి."

"కోస్తే పక్కల ఉన్నోళ్లు పోతరు సేఠ్."

"పక్కల ఎవ్వలుంటరు? పూల కుండీలుంటయి."

శరణమ్మ కుర్చీలో కదల్లేదు. తమ్ముడికి ఎదురు చెప్పడం ఆమెకు బాగానే వచ్చు, క్యాసెట్ విషయంలో చూశాం కదా. కానీ తన గురించి అడగాల్సి వచ్చేసరికి ఆ నోరు ఎక్కడికో పోయింది. నావైపు మాత్రం చూసింది. ఆమె అడిగింది ఒక్కటే, దాన్నే కోయమంటున్నాడు ఈయన.

కోతను కొంచెం ఎడమకు జరిపి చూశాను. శరణమ్మ వచ్చింది, పెళ్లికొడుకు పోయాడు. చెవి మాత్రం మిగిలింది.

"అల్లుడు లేని పెండ్లా?" అన్నాడు సేఠ్. "నడుమకే పెట్టు."

నడుమకే పెట్టి ముహూర్తం షాట్ వేశాను. మేళం జోరందుకుంది. వధూవరులు తెర నిండా ఉన్నారు. చివర ఎవరూ లేరు. అప్పుడు ఎడమ అంచు నుంచి, ఎవరూ లేని చోటు నుంచి, గుప్పెడు అక్షింతలు గాల్లోకి లేచి వచ్చి అశ్విని తల మీద పడ్డాయి.

సేఠ్ కళ్లు చిట్లించాడు. "అవి యాడికెళ్లి వచ్చినయి?"

చెప్పాల్సినవాళ్లు పక్కనే ఉన్నారు.

"నోడు తమ్మా," అంది శరణమ్మ. ఆ ఇంట్లో మామూలు మాటలు తెలుగులో, మనసుకు దగ్గరి మాటలు కన్నడంలో వస్తాయి, చూడు అంటోంది. "అవి నేనేసినయే."

సేఠ్ మళ్లీ వేయమన్నాడు. మళ్లీ వేశాను. మళ్లీ అక్షింతలు వచ్చాయి, మళ్లీ మనిషి రాలేదు. మూడోసారి అడగలేదు. సినిమా అయితే ఇక్కడ వాన పడేది. మా దగ్గర కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది, ముగ్గురం చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాం.

"సేఠ్," అన్నాను, "నలుపు కాకుంటే, పట్టీలు ఏ రంగైనా పర్వలేదా?"

"అంటే?"

"పసుపు పెడ్త."

ఆయన ఆలోచించాడు. "చిక్కటి పసుపు పెట్టు. ఎలిసిపోయింది పెట్టకు."

ఎడిటింగ్‌లో వెనక నలుపుకు బదులు పసుపు పరిచి, దాని మీద పెళ్లిని పెట్టి, కొత్త ఫైలు తయారుచేశాను. ల్యాప్‌టాప్ స్క్రీన్‌నే చదరం సైజుకు మార్చి, మొత్తం క్యాసెట్‌లోకి ఎక్కించాను. మా దగ్గర పాత టీవీ ఎప్పుడో పోయింది కాబట్టి ల్యాప్‌టాప్‌లోనే సరిచూసుకున్నాను. అన్నీ బాగున్నాయి. శరణమ్మ చివరన నిక్షేపంగా ఉంది. క్యాసెట్ పట్టుకుని గర్వంగా వాళ్లింటికి వెళ్లాను.

ఆమె గది చిన్నది. మంచం, బీరువా, బల్ల మీద డబ్బా టీవీ, దాని మీద కుట్టుపూల గుడ్డ. వీసీఆర్ తలుపు పసిపిల్ల నోరు తెరిచినట్టు సున్నితంగా తెరిచి క్యాసెట్ పెట్టింది. సేఠ్ మంచం అంచున కూర్చున్నాడు. చిక్కటి పసుపు వచ్చింది. దాంతోపాటు టీవీ నుంచి తుమ్మెద తిరిగినట్టు జుయ్యిమని చప్పుడు కూడా వచ్చింది. పాత టీవీలు మరీ గాఢమైన రంగును తట్టుకోలేక అలా మూలుగుతాయి. సేఠ్ అడిగిన చిక్కదనం అది.

ముహూర్తం వచ్చింది. వధూవరులు వచ్చారు. ఎడమ చివర శరణమ్మ వచ్చింది, సగం. ఒక భుజం, ఒక చెంప, అక్షింతలు విసిరే చేయి. మిగతా సగం టీవీ ప్లాస్టిక్ చట్రం వెనక్కి పోయింది.

దీన్ని ఓవర్‌స్కాన్ అంటారు. డబ్బా టీవీలు బొమ్మను తెరకంటే కొంచెం పెద్దగా వేస్తాయి. చుట్టూ కొంత భాగం చట్రం కింద పడిపోతుంది. ల్యాప్‌టాప్‌లో చూస్తే తెలియదు, ఆ టీవీలోనే చూడాలి. మామ కాలం వాళ్లకు ఇది ఊపిరి పీల్చినంత మామూలు సంగతి. నాకు పుస్తకంలో చదివిన సంగతి. పుస్తకం మూసి చాలా రోజులైంది.

"సగం వచ్చిన," అంది శరణమ్మ. నిష్ఠూరం లేదు. "మునుపటి కంటే నయమే."

అప్పుడు బస్వరాజ్ సేఠ్ చేసిన పని నేను మరిచిపోలేను. మంచం మీది నుంచి లేచి, టీవీ దగ్గరికి పోయి, ఎడమవైపు వంగి, చట్రానికీ అద్దానికీ మధ్య సందులోకి తొంగిచూశాడు. తలుపు చాటున నిలబడ్డ మనిషిని చూసినట్టు. రోజుకు ఎంతమందినో బేరంలో ఓడించే మనిషి, ప్లాస్టిక్ వెనక అక్కను వెతుకుతున్నాడు.

"సేఠ్, వెనక ఉత్త వైర్లే ఉంటయి," అన్నాను.

నడుం పట్టుకుని లేచి నిలబడ్డాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "ఎట్ల తెస్తవో నాకు తెల్వది. మొత్తం మనిషి రావాలె."

స్టూడియోకు తిరిగొచ్చి మామకు చెబితే ఆయన నవ్వి నవ్వి దగ్గాడు. "బొమ్మను ఇంకా చిన్నగ చెయ్యి. నాలుగు దిక్కుల జాగ ఇడువు. చట్రం ఏమన్న తినాల్నంటే గా జాగనే తింటది." నాలుగువైపులా పసుపు వదిలితే పెళ్లి పసుపు గోడ మీది కిటికీలా ఉంటుంది కదా అన్నాను. "అయితే తోరణం కట్టు. మేం గంత పెద్ద తోరణాలు ఎందుకు కట్టినం అనుకున్నవ్?"

పాత పెళ్లి క్యాసెట్లలో వచ్చే ఆ మామిడాకుల అంచులు, బంతిపూల దండలు చూసి నేను ఎన్నిసార్లు నవ్వానో లెక్కలేదు. ఇప్పుడు నేనే కూర్చుని పైన మామిడాకులు, కింద బంతిపూలు, పక్కల అరటి చెట్లు పెట్టాను. పసుపును కొంచెం పలచన చేశాను, టీవీ మూలగకుండా. సేఠ్‌కు ఆ సంగతి చెప్పలేదు. పెళ్లి మొత్తం మళ్లీ కూర్చుని ఎక్కించాను. అప్పటికి మంత్రాలు నాకే నోటికొచ్చేశాయి.

మళ్లీ ఆ గది. ఈసారి సేఠ్ దుకాణం ఇతరులకు అప్పగించి ముందే వచ్చి కూర్చున్నాడు. అశ్విని కూడా అత్తారింటి నుంచి వచ్చి ఉంది. తోరణం చూసి, "అత్తా, గీ అరటి చెట్లేంది? నా పెండ్లా, సత్యనారాయణ వ్రతమా?" అంది. ఎవరూ పట్టించుకోలేదు. ముహూర్తం వచ్చింది.

వచ్చింది. పూల స్టాండు పక్కన, అంగుళం కూడా తరక్కుండా, తల నుంచి కాలి దాకా మొత్తం మనిషి. చేయెత్తి, అక్షింతలు వేసి, కొంగు సర్దుకుంది. ఆ కొంగు సర్దుకోవడం నేను కూడా అప్పుడే చూశాను.

శరణమ్మ వెనక్కి తిప్పింది. మళ్లీ చూసింది. మళ్లీ వెనక్కి తిప్పి, సరిగ్గా అక్కడ ఆపింది. ఆపితే వీసీఆర్ బొమ్మ నిలవదు, గీతలు పడుతూ కొంచెం వణుకుతుంది. ఆ వణుకుతున్న తనను ఆమె చాలాసేపు చూసింది. అశ్విని అత్త చేయి పట్టుకుంది. సేఠ్ కండువాతో మెడ తుడుచుకున్నాడు, మెడ తుడుచుకుంటూ కొంచెం పైదాకా పోయాడు. నేను కన్వర్టర్ వైర్లు చుట్టుకుంటూ నిలబడ్డాను, అవి అప్పటికే చుట్టి ఉన్నా.

చివరికి శరణమ్మ నోరు తెరిచింది.

"చీర మంచిగ లేదు. కెమెరాల పడతనని తెలిస్తే గా నెమలి రంగుది కట్టుకుందును."

పోయినేడు సేఠ్ కొడుకు పెళ్లి. వీడియో పని నాకే ఇచ్చారు. లైటింగ్, డ్రోన్, ఆల్బమ్ అన్నీ అడుగుతాడని సిద్ధమై వెళ్లాను. ఆయన ఒకటే చెప్పాడు: "అక్క నడుమ నిలబడతది. అట్ల తియ్యి." ముహూర్తం వేళ తనే మెట్ల దాకా వెళ్లి, అక్కడ అలవాటు ప్రకారం నిలబడ్డ ఆమెను చేయి పట్టి పైకి తీసుకొచ్చాడు. ముందు వరసలో ఒక పెద్దాయన గట్టిగా దగ్గాడు. ఆకాశమేమీ విరిగి పడలేదు. వంట దగ్గర పప్పు కొంచెం మాడింది కానీ, దానికి కారణం వంటమనిషి ఫోను. శరణమ్మ నెమలి రంగు చీరలో ఉంది. చదరం టీవీ అయినా, వెడల్పు టీవీ అయినా, ఎవడు ఎట్లా కోసినా పోని చోట ఉంది.

ఈ పనిలో నేను నేర్చుకున్నది పెద్దదేమీ కాదు. అప్పట్నుంచి ఏ వీడియో చేతికొచ్చినా ముందు నాలుగు అంచులూ చూస్తాను. నడుమ ఉన్నవాళ్ల సంగతి వాళ్లే చూసుకుంటారు.

కొడుకు పెళ్లి అయిన వారం తర్వాత సేఠ్ ఒక్కడే స్టూడియోకు వచ్చాడు. బల్ల మీద పెన్ డ్రైవ్ పెట్టాడు, పక్కనే ఒక క్యాసెట్ పెట్టాడు. లేబుల్ చూశాను: "బట్టల దుకాణం ఓపెనింగ్, భాగం 2."

"గిండ్ల నీ ఉపన్యాసం ఉన్నది కద సేఠ్?"

"ఉన్నదుండనీ. జల్దీ చెయ్యి, అక్క ఎదురుసూస్తుంది."

ట్యాబ్ మూయడానికి సెల్లో టేపు కోసం సొరుగు లాగి, క్యాసెట్ వెనక్కి తిప్పాను. ఆ గుంత మీద టేపు ముక్క అప్పటికే అంటించి ఉంది.